గింజకూ గడపకూ మధ్య

భద్రాచలం ఏజెన్సీలో ఆకలికి ఒక రుతువు ఉంది. ఎండాకాలం ముగిసేదాకా అడవి ఏదో ఒకటి ఇస్తూనే ఉంటుంది. చలి తగ్గగానే చింతపండు, చైత్రంలో ఇప్పపువ్వు, దాని వెంటే సారపప్పు, తునికాకు. ఆకు కట్టల డబ్బుతో సంతలో ఉప్పు, మిరపకాయ, బట్ట కొనుక్కున్న ఇల్లే ఆషాఢం దాటేసరికి గాదె అడుగు చూస్తుంది. విత్తనానికి తీసిపెట్టింది పోగా మిగిలిన పాత గింజలు అయిపోతాయి. కొత్త గింజ చేతికి రావాలంటే సామలకైనా భాద్రపదం రావాలి, వరికైతే కార్తీకం దాటాలి. కలుపు తీయడానికి ఒంట్లో సత్తువ కావలసిన నెలలు అవే. వాగులు పొంగి దారులు మూసుకుపోయే నెలలు అవే. పిల్లలకు జ్వరాలు తగిలే నెలలూ అవే. అయితే ఈ అడవి ఎడారి నడుమ లేదు. దిగువన ధవళేశ్వరం ఆనకట్ట కింద గోదావరి డెల్టా ఉంది. పడమట ఖమ్మం మైదానంలో సాగర్ ఎడమ కాలువ కింద వరి పండుతోంది. ఇన్ని వడ్లకు ఇంత దగ్గరలో ఉన్న ఊళ్లు ఏటా రెండు మూడు నెలలు అర్ధాకలితో గడపడాన్ని కరువు అనే ఒక్క మాటతో సరిపెట్టలేం. నూట అరవై ఏళ్ల చరిత్రను వరసగా చూస్తే ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. గింజ ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఉంది. దాన్ని గడప దాకా చేర్చే ఆఖరి దూరాన్ని ఎవరు నడిచారు, ఎవరి లెక్క ప్రకారం నడిచారు అన్న దాన్నిబట్టే ఆ ఇంటి పొయ్యి వెలిగిందో లేదో తేలింది. సర్కారు చట్టాలు, గిడ్డంగులు, కార్డులు ఎంత అవసరమో, ఆ దూరంలో నిలబడే ఇరుగుపొరుగు కూడా అంతే అవసరమని ఈ నేల చరిత్ర చెబుతోందని నా వాదన.

పూర్వం ఆ పని అడవే చేసేదనే మాట తరచుగా వింటాం. అందులో నిజం కొంత ఉంది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940ల మొదట్లో గోదావరి ఒడ్డున, పాపికొండల్లో కొండరెడ్ల మధ్య ఉండి చూసి, 1945లో వాళ్ల మీద ఒక పెద్ద పుస్తకం ప్రచురించాడు. పోడులో పండిన జొన్న, సామ అయిపోయాక వాళ్లు తవ్వుకున్న అడవి గడ్డలు, జీలుగు చెట్టు మానును చీల్చి లోపలి గుజ్జును దంచి చేసుకున్న పిండి, ఎండబెట్టి దాచుకున్న మామిడి టెంకల జీడి గురించి అందులో వివరంగా ఉంది. మామిడి జీడి వగరు పోవాలంటే నీళ్లలో ఎంతసేపు నానాలో, ఏ గడ్డను ఎన్నిసార్లు ఉడికించి నీళ్లు వంచాలో ఆడవాళ్లకు తెలుసు. ఇది ఊరికే బతకనేర్పు కాదు, తరాల మీద కూడిన విజ్ఞానం. దాని పక్కనే పంపకాల కట్టుబాట్లు ఉండేవి. కోయ గూడేల్లో విత్తనాల పండుగప్పుడు అందరూ కలిసి వేటకు పోతే దొరికిన మాంసం ఇంటింటికీ పంచాలి. కొత్త పండుగ జరగకుండా కొత్త గింజ ఎవరూ నోట పెట్టకూడదు. ఆ నిషేధం కలిగినవాడినీ లేనివాడినీ ఒకే రోజున కొత్త కూడు ముందు కూర్చోబెడుతుంది. అయినా ఆ రోజులను బంగారు కాలంగా చిత్రించడం తప్పు. జీలుగు మాను నరికితే చెట్టు పోయినట్టే. మళ్లీ ఎదగడానికి ఏళ్లు పడుతుంది. ఒక చెట్టు పిండి ఒక ఇంటిని కొన్నాళ్లే మోస్తుంది. అడవి ఆకలిని వాయిదా వేసేది, తీర్చేది కాదు. ఆ వాయిదా కూడా అడవి తెరిచి ఉన్నంతకాలమే చెల్లింది.

అడవి మూతపడిన తీరు ఈ ప్రాంతం సరిహద్దుల చరిత్రతో ముడిపడి ఉంది. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి, చర్ల, నూగూరు తాలూకాలను 1860లో నిజాం ఇంగ్లీషువాళ్లకు అప్పగించాడు. వాళ్లు వాటిని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఎగువ గోదావరి జిల్లాగా నడిపారు. ఆ కాలంలోనే ఆర్థర్ కాటన్ ఆలోచన మేరకు గోదావరిని పడవల దారిగా మార్చే పనులు సాగాయి. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర కట్టిన ఆనకట్ట ఆ పథకంలో భాగం. 1871లో పథకం మానుకున్నారు, రాతికట్ట మిగిలింది. మూడేళ్లకే, 1874లో, భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలో కలిపారు. కలపడం కాగితం మీద పనే అయినా ఫలితం పొయ్యి మీద పడింది. సెంట్రల్ ప్రావిన్సెస్ కింద తేలికగా ఉన్న పోడు పన్ను పెరిగింది; కొన్ని అడవుల్లో పోడు కొట్టడమే నిషేధమయింది. 1879లో రంప పితూరీ లేచినప్పుడు రేకపల్లి కొండవాళ్లు అందులో చేరడానికి కారణాల్లో ఇది ముఖ్యమైనది. తరువాత 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు గీతలు బిగిశాయి. నది కుడి ఒడ్డున పాల్వంచ వైపు నిజాం పాలన, ఎడమ ఒడ్డున మద్రాసు పాలన. ఒకే కోయ చుట్టరికం రెండు రాజ్యాల్లో పడింది. కష్టం వచ్చినప్పుడు ఎవరికి మొర పెట్టుకోవాలన్నది నది ఏ ఒడ్డున గుడిసె ఉందన్న దాన్నిబట్టి మారింది. ఈ మార్పులు అక్కడితో ఆగలేదు. భద్రాచలం డివిజన్ 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో అందులో కొంత భాగం మళ్లీ తూర్పు గోదావరికి వెళ్లింది. ప్రతిసారీ కొత్త అధికారులు, కొత్త జాబితాలు. కుటుంబం కదలకుండానే దాని చిరునామా కదిలింది.

అడవి ముడుచుకుపోయి, సర్కారు దూరమైన ఆ ఖాళీలోకి షావుకారు వచ్చాడు. ఆకలి చరిత్ర రాసేటప్పుడు అతన్ని దుర్మార్గుడిగా చూపి ముందుకు సాగిపోవడం తేలిక. కానీ అతను ఎందుకు అంత కాలం నిలిచాడో అడగకపోతే, తరువాత వచ్చిన పథకాలు ఎందుకు తడబడ్డాయో అర్థం కాదు. శ్రావణంలో, వాన పడుతుండగా, ఇంటి ముందుకొచ్చి కుంచెడు గింజలు కొలిచి ఇచ్చినవాడు అతనే. కాగితం అడగలేదు, సంతకం అడగలేదు. మనిషిని పేరుపెట్టి పిలిచాడు, కొంచెం కోయ మాట కూడా నేర్చుకున్నాడు. దానికి బదులు కోతల్లో తీసుకున్నదానికి సగం చేర్చి, ఒక్కోసారి రెట్టింపు, నాగు (గింజల అప్పు) కింద కొలిపించుకున్నాడు. కొలిచేటప్పుడు ఒక కుంచం, కొలిపించుకునేటప్పుడు ఇంకొక కుంచం. నాగు తీరక చింతచెట్టు ఫలసాయం, తరువాత భూమి, ఆ తరువాత పిల్లవాడి జీతం అతని పద్దులోకి చేరాయి. కొండరెడ్ల సంగతిలో ఈ పని కలప, వెదురు గుత్తేదార్లు చేశారు. తిండిగింజలు ముందే బయానాగా ఇచ్చి, ఆ బాకీ కింద కొండల్లో చెట్లు కొట్టించి గోదావరి మీద రాజమండ్రికి తేలించారు. బాకీ మాత్రం తేలలేదని హైమన్‌డార్ఫ్ రాతల్లో స్పష్టంగా ఉంది. అంటే ఆఖరి దూరం నడిచే మనిషి ఉన్నా, అతని లెక్కను ఊరు చూడలేకపోతే, సాయమే ఉరి అవుతుంది. 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదలాయింపు చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1959లో భూ బదలాయింపు నిబంధన, మరుసటి ఏడు షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారుల నిబంధన వచ్చాయి. ఇవన్నీ షావుకారును కట్టడి చేయాలని చూశాయి. శ్రావణంలో గింజ ఎవరు ఇస్తారన్న ప్రశ్నకు వాటిలో జవాబు లేదు. తిండి పెట్టేవాణ్ని తొలగించి ఆ చోట ఎవరినీ నిలపకపోతే, తొలగినవాడు దొడ్డిదారిన తిరిగివస్తాడు. జరిగింది అదే.

ఆ జవాబు కోసం జరిగిన మొదటి గట్టి ప్రయత్నం గిరిజన సహకార సంస్థ. 1956లో విశాఖపట్నం కేంద్రంగా పుట్టిన ఈ సంస్థ ఆలోచన సూటిగా ఉంది. అడవి సరుకు కొనే కాటా, బియ్యం ఉప్పు నూనె అమ్మే కాటా ఒకే చోట, ఒకే చూరు కింద ఉండాలి. చింతపండో తపసి జిగురో తెచ్చినవాడు షావుకారు ముఖం చూడకుండా సరుకులు పట్టుకుపోవాలి. జనం నోట డీఆర్ డిపో అయిన ఆ దుకాణాలు భద్రాచలం, చర్ల, వెంకటాపురం, చింతూరు దారుల్లో రెండు తరాలకు తెలిసిన చోట్లు. 1979 నిబంధన అటవీ ఫలసాయం కొనే హక్కును షెడ్యూల్డు ప్రాంతాల్లో ఈ సంస్థకే కట్టబెట్టింది. ప్రైవేటు వర్తకుడు చెప్పిందే ధరగా నడిచిన సంతల్లో ఒక అడుగు ధర ఏర్పడింది. ఇది చిన్న విజయం కాదు, దాన్ని తక్కువచేసి మాట్లాడేవాళ్లతో నాకు ఏకీభావం లేదు. కానీ డిపో రోడ్డు పక్కన ఉంటుంది, గూడెం వాగు అవతల ఉంటుంది. సేల్స్‌మన్ వారానికి ఎన్ని రోజులు తలుపు తీస్తాడో, సరుకు ఎప్పుడు వస్తుందో గూడేనికి ముందు తెలియదు. పేరులో సహకారం ఉన్నా, సభ్యులైన కోయలు సంస్థ లెక్కలు అడిగి చూసే అలవాటు కుదురుకోలేదు. పైనుంచి పడిన సంస్థను జనం తమది అనుకోవడానికి అది తమకు లెక్క చెప్పాలి. చెప్పని చోట షావుకారు స్థానంలో గుమాస్తా వచ్చాడు, అంతే. చెప్పించుకున్న చోట మాత్రం డిపో నిజంగా ఊరి గాదె అయింది.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యంతో ప్రశ్న రూపం మారింది. అప్పటిదాకా గింజ ధర అడ్డం. ఆపైన కార్డు అడ్డమయింది. కార్డుకు ఇంటి పేరు, ఊరి పేరు, కుటుంబ సభ్యుల వివరాలు కావాలి. పోడు వెంట గూడెం మారే కొండరెడ్డికి, పెళ్లయి వేరు పొయ్యి పెట్టిన కోయ జంటకు, భర్త పోయి పుట్టింటికి చేరిన ఆడమనిషికి కాగితంలో చోటు సులువుగా దొరకదు. 1997లో పేదల జాబితాను వేరుచేసి, ఆ జాబితాలో ఉన్నవాళ్లకే చౌక గింజ ఇచ్చే లక్షిత పంపిణీ పద్ధతి దేశమంతా వచ్చాక, పేరు ఎక్కడమే తిండి గెలవడం అయింది. గిడ్డంగుల్లో గింజ ముక్కిపోతుండగా జనం పస్తులుంటున్నారని పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ 2001లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది నవంబరు 28న కోర్టు ఆహార పథకాలను హక్కులుగా మార్చింది. 2003 మే 2న ఇచ్చిన ఆదేశంలో ఆదిమ తెగల కుటుంబాలన్నింటికీ అంత్యోదయ కార్డులు ఇవ్వాలని చెప్పింది. మన వైపు కొండరెడ్లు ఆ వర్గంలోకి వస్తారు. పేదరికం రుజువు చేసుకోనక్కరలేదు. తెగ పేరే అర్హత, నెలకు 35 కిలోలు. ఆ ఆదేశాల అమలు చూడడానికి కోర్టు నియమించిన ఇద్దరు కమిషనర్లలో ఒకరు, ఆంధ్ర ఏజెన్సీలను బాగా ఎరిగిన ఎస్.ఆర్. శంకరన్. ఢిల్లీలో అంత గట్టి మాట వెలువడినా, అశ్వారావుపేట, దమ్మపేట మండలాల కొండల మీది కొండరెడ్డి గూడెంలో ఆ మాట తెలియాలంటే ఎవరో ఒకరు ఎక్కి చెప్పాలి. చదువుకున్న కుర్రాడో, అంగన్‌వాడీ టీచరో, ఆశ్రమ పాఠశాల పంతులో, గిరిజన సంఘం కార్యకర్తో ఇళ్ల లెక్క రాసి, మిగిలిపోయిన పేర్లు పట్టుకొని మండలాఫీసుకు నడవాలి. కోర్టు తీర్పుకూ పొయ్యి మీది కుండకూ మధ్య ఉన్న పని అదే. ఏ బడ్జెట్టులోనూ దానికి పద్దు ఉండదు.

ఊరే గింజను దాచుకొని పంచుకునే ప్రయోగమూ జరిగింది. 1996-97లో కేంద్ర ప్రభుత్వం పదకొండు రాష్ట్రాల్లో గ్రామ ధాన్య బ్యాంకుల పథకం మొదలుపెట్టింది. ముప్పై నలభై పేద కుటుంబాలకు ఒక బ్యాంకు, కుటుంబానికి క్వింటాలు చొప్పున మొదటి నిల్వ. శ్రావణంలో తీసుకుని కోతల్లో కొద్దిపాటి వడ్డీతో తిరిగి కొలవాలి. షావుకారు పద్ధతినే, అతన్ని తీసేసి, ఊరి చేతికి ఇచ్చినట్టు. 2004 చివర్లో పథకం ఆహార శాఖకు మారింది. ఆలోచన మంచిదే అయినా అనేక చోట్ల నిల్వ ఒకటి రెండేళ్లలో కరిగిపోయింది. దీన్ని పట్టుకుని, ఆదివాసులకు పొదుపు తెలియదని తీర్పు చెప్పేవాళ్లున్నారు. అది అన్యాయం. ధాన్య బ్యాంకు లెక్కలో ఒక లోపం ఉంది. వాన ముఖం చాటేసిన ఏడు అందరి పంటా ఒకేసారి పోతుంది, అందరూ ఒకేసారి తీసుకుంటారు, తిరిగి కొలవగలిగినవాడు ఒక్కడూ ఉండడు. ఊళ్లో ఒకరి కష్టాన్ని ఇంకొకరి కలిమి మోయగలదు. అందరి కష్టాన్నీ ఊరు తన మీద తాను మోసుకోలేదు. అలాంటి ఏడు బయటినుంచి నిల్వ నింపే ఏర్పాటు ఉంటే ఆ బ్యాంకులు బతికేవి. జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల మధ్యలో జొన్నలతో నడిపిన ప్రత్యామ్నాయ రేషన్‌ను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. బీడు భూములు సాగులోకి తేవడానికి పెట్టుబడి బయటినుంచి వచ్చింది. ఎవరు నిరుపేద అన్నది ఊరంతా కూర్చొని, అందరి ఎదుటా తేల్చుకున్నారు. వెలుగు పేదరిక నిర్మూలన కార్యక్రమంలో మహిళా సమాఖ్యలు బియ్యాన్ని టోకున కొని సభ్యులకు ఇచ్చి, నెలనెలా కొంత చొప్పున వసూలు చేసుకున్న బియ్యం పరపతి పద్ధతిలో కూడా ఇదే కీలకం. డబ్బు బ్యాంకుది, తూకం ఆడవాళ్లది. కూలి దొరికినప్పుడు కట్టే వెసులుబాటు పెట్టాలని వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఇక్కడే గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. ఊరిని నమ్ముకోమంటున్నారు సరే, ఊరు తనవాళ్లు కాదనుకున్నవాళ్ల సంగతేమిటి? ఈ ప్రశ్నను దాటవేయలేం, ఎందుకంటే ఇదే అడవిలో అది రక్తమాంసాలతో ఎదురుగా నిలిచింది. 2005 జూన్‌లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక దంతెవాడ, బీజాపూర్, సుక్మా వైపు ఊళ్లు తగలబడి, పదుల వేల మంది సరిహద్దు దాటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఇక్కడివాళ్లు వాళ్లను గుత్తికోయలన్నారు. మాట కలుస్తుంది, చుట్టరికం కలుస్తుంది, మిరప కోతల కాలంలో వాళ్ల కూలి మైదానపు రైతుకు కావాలి. కానీ వాళ్లు రిజర్వు అడవిలో ఉన్నారు కాబట్టి ఊరు లేదు, ఊరు లేదు కాబట్టి చిరునామా లేదు, చిరునామా లేదు కాబట్టి కార్డు లేదు. గుడిసెలను అటవీ సిబ్బంది పదేపదే కూల్చి, కాల్చిన సంఘటనలను హ్యూమన్ రైట్స్ వాచ్ 2008 నివేదిక నమోదు చేసింది. స్థానిక కోయల్లోనూ కొందరు, తమ పోడూ తమ రిజర్వేషనూ చీలిపోతాయని వాళ్ల రాకను వ్యతిరేకించారు. ఆ భయం కల్పితం కాదు. భూమి కోసం వందేళ్లుగా తన్నులు తిన్నవాళ్ల భయం అది. అయినా బిడ్డ ఆకలికి సరిహద్దు రుజువు అడగడం న్యాయం కాదు. అప్పట్లో శాంతా సిన్హా అధ్యక్షురాలిగా ఉన్న జాతీయ బాలల హక్కుల కమిషన్ 2007 డిసెంబరులో దంతెవాడ, ఖమ్మం ప్రాంతాలకు వచ్చి పిల్లల చదువు, ఆరోగ్యం పరిస్థితిని పరిశీలించింది. అంతర్జాతీయ వైద్య సాయ సంస్థ ఎంఎస్ఎఫ్ వైద్యులు సంచార వైద్యశాలలు నడిపారు. చింతూరు వైపు ఏఎస్‌డీఎస్ వంటి స్వచ్ఛంద సంస్థలు గూడెం గూడెం తిరిగి పేర్లు రాసి, అంగన్‌వాడీలోకి పిల్లలను చేర్పించడానికి, కార్డులు ఇప్పించడానికి ఏళ్ల తరబడి అర్జీలు పట్టుకు తిరిగాయి. కాబట్టి అభ్యంతరం సరైనదే, కానీ దాని జవాబు ఊరిని పక్కనపెట్టడంలో లేదు. ఎవరి పేరు చేర్చాలో ఊరు చెప్పాలి. ఎవరి పేరు తీసెయ్యాలో చెప్పే అధికారం మాత్రం ఊరి పెద్దకు ఉండకూడదు. చేర్చడానికి ఇరుగుపొరుగు, తొలగించకుండా కాపాడడానికి చట్టం. ఈ రెండూ తారుమారైన చోటే అన్యాయం జరిగింది.

రెండో అభ్యంతరం తిండి గురించే. చౌక బియ్యం వచ్చి సామ, కొర్ర, జొన్నలను పొలం నుంచి, గడ్డలను జ్ఞాపకం నుంచి తుడిచేసిందని, సాయం పేరుతో ఆదివాసీ తిండిని నాశనం చేశామని అంటారు. ఈ మాటలో చాలా నిజం ఉంది. తెల్ల బియ్యం కడుపు నింపుతుంది, రక్తహీనతను తీర్చదు. కానీ ఆ నేరం బియ్యం పంచిన పొరుగువాళ్లది కాదు. ఏం పంచాలో ఊరిని అడగని పద్ధతిది. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టంలో మొదట బియ్యం మూడు రూపాయలు, గోధుమలు రెండు, ముతక ధాన్యాలు రూపాయి అని మూడు రకాలకూ ధర రాశారు. మన రేషన్ షాపుల్లో ఆ మూడోది కనపడడం అరుదు. ఇక్రిశాట్‌తో కలిసి గిరిజన సంక్షేమ శాఖ ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) పరిధిలో అంగన్‌వాడీ పిల్లలకు, తల్లులకు జొన్న, చిరుధాన్యాలతో చేసిన పోషకాహారం అందించిన కార్యక్రమం ఆ వైపు ఒక అడుగు. గింజ ఇక్కడి పొలాల్లో పండి, ఇక్కడి ఆడవాళ్ల సంఘం చేతుల్లో పొడయి, ఇక్కడి పిల్లల గిన్నెలోకి వస్తే కూలీ తిండీ రెండూ ఊళ్లోనే నిలుస్తాయి. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో సన్నబియ్యం ఇస్తున్నారు, వండుకు తినే బియ్యం ఇచ్చారని జనం సంతోషించారు. ఆ సంతోషానికి విలువ ఉంది. దొడ్డు బియ్యాన్ని వచ్చిన ధరకు అమ్ముకునే గతి చాలా ఇళ్లలో ఉండేది. సామల ముచ్చట మాత్రం అలాగే మిగిలి ఉంది.

భద్రాచలం పట్టణంలో అన్నదానానికి కొదవ లేదు. రామాలయ సంప్రదాయం ప్రకారం గుడి కథే ఒక కోయ స్త్రీతో, పోకల దమ్మక్కతో మొదలవుతుంది. ఆమె అడవిలో దొరికిన పండునే దేవుడికి నివేదించిందని చెప్పుకుంటారు. యాత్రికుడికి ఇక్కడ ఆకలి తెలియదు. వరదలప్పుడూ ఈ పట్టణపు మంచితనం బయటపడుతుంది. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు లేచినప్పుడు కల్యాణ మండపాల్లో, బడుల్లో పొయ్యిలు వెలిగాయి. వ్యాపారులు, యువజన సంఘాలు, పార్టీల కార్యకర్తలు పొట్లాలు కట్టి పడవల్లో పంపారు. ఇంత ఉదారత ఉన్నచోట అడవి ఆకలి ఎందుకు మిగిలిందని అడగాలి. వరద కళ్లకు కనపడుతుంది, శ్రావణపు ఆకలి కనపడదు. పొట్లం ఒక పూటకు సరిపోతుంది, అరవై రోజుల వెలితికి సరిపోదు. అన్నం పెట్టే చేతులు వాటంతట అవే కార్డు రాయించే చేతులు కావు, అందుకు వేరే ఓపిక కావాలి. పొట్లాలు కట్టిన యువకులే వరద తీసిన తరువాతి నెలలో గూడేనికి మళ్లీ వెళ్లి, కొట్టుకుపోయిన కార్డులకు నకళ్లు ఇప్పిస్తే, వేలిముద్ర పడని ముసలివాళ్ల తరఫున డీలరుతో మాట్లాడితే, ఆ సాయం నెలల పాటు తిండి అవుతుంది. కూలి పనిలో అరిగిన వేళ్లను ఈ-పాస్ యంత్రం గుర్తుపట్టకపోవడం, సిగ్నల్ కోసం యంత్రాన్ని గుట్టెక్కించడం ఈ ప్రాంతంలో వింత కాదు.

ఇదంతా సర్కారు బాధ్యతను జనం నెత్తిన వేయడం కాదా అన్నది చివరి అభ్యంతరం. కాదు, ఎందుకంటే చట్టమే ఆ చోటును తెరిచి పెట్టింది. ఆహార భద్రత చట్టంలోని 12వ సెక్షన్ రేషన్ షాపులను పంచాయతీలకు, స్వయం సహాయక సంఘాలకు, సహకార సంఘాలకు ఇవ్వడానికి, మహిళల చేత నడిపించడానికి ప్రాధాన్యం ఇవ్వాలంటోంది. 28వ సెక్షన్ సామాజిక తనిఖీ చేయమంటోంది. గింజ ఇవ్వకపోతే బదులు భత్యం ఇవ్వాలని 8వ సెక్షన్, కొండ, గిరిజన, మారుమూల ప్రాంతాలకు ప్రత్యేక శ్రద్ధ చూపాలని 30వ సెక్షన్ చెబుతున్నాయి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంత గ్రామసభకు అటవీ ఫలసాయం మీద యాజమాన్యాన్ని, వడ్డీ వ్యాపారం మీద అదుపును ఇచ్చింది. నాగు చరిత్ర తెలిసినవాళ్లకు ఈ రెండు అధికారాలూ ఒకే చట్టంలో ఉండడం ఎంత సరైనదో తెలుస్తుంది. సర్కారును బాధ్యతనుంచి తప్పించే సాయం వేరు, సర్కారును బాధ్యతకు కట్టిపడేసే సాయం వేరు. గ్రామసభలో కార్డుల జాబితాను గట్టిగా చదివించడం, అది కోయ మాటలో కూడా వినిపించేలా చూడడం, మృగశిర కార్తె లోపే డిపోలో మూడు నెలల నిల్వ చేరిందో లేదో వెళ్లి చూసి రావడం రెండో రకానికి చెందుతాయి.

ఈ పనికి ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ అవసరం ఉన్నచోటు పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతం. ఆ ప్రాజెక్టు కోసం 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలం, బూర్గంపాడులో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. దగ్గరలో ఉన్న భద్రాచలం ఆసుపత్రి, సంత ఒక రాష్ట్రంలో, కార్డు ఇంకొక రాష్ట్రంలో అయ్యాయి. ఖమ్మం వెళ్లే అర్జీ కాకినాడకూ ఏలూరుకూ తిరిగింది. 2022లో జిల్లాలు మళ్లీ మారాక చింతూరు, కూనవరం వాళ్లకు జిల్లా కేంద్రం పాడేరు అయింది. పునరావాస కాలనీకి చేరిన కోయ కుటుంబానికి సిమెంటు ఇల్లు వస్తుంది. ఇప్పచెట్టు రాదు, గడ్డలు తవ్విన గుట్ట రాదు, చేబదులుగా సోలెడు గింజలు ఇచ్చిన పక్కింటామె వేరే కాలనీకి పోయి ఉంటుంది. ఇలా ఊరే చెదిరినప్పుడు పాత గూడెం జాబితాను పట్టుకుని, ఏ ఇల్లు ఎక్కడికి చేరిందో రాసి, కొత్త చోట కార్డు పడిందో లేదో పేరు పేరునా చూసే పని ఎవరు చేస్తారన్నది తేలాలి. పునరావాస పథకాల్లో ఎకరాలకూ గదులకూ లెక్క ఉంది. మొదటి శ్రావణానికి గింజ ఎవరు కొలుస్తారన్న దానికి లెక్క లేదు. అందుకే కాలనీ సంఘాలు, మహిళా సమాఖ్యలు, అటు మన్యంలోనూ ఇటు భద్రాద్రి కొత్తగూడెంలోనూ ఉన్న ఆదివాసీ సంఘాలు కలిసి కూర్చొని జాబితా రాయడం మొదలుపెట్టాలి. రెండు రాష్ట్రాల ఐటీడీఏలు ఆ జాబితాను అందుకుని, ఒకరి దగ్గర తప్పిన పేరును ఇంకొకరు పట్టుకోవాలి. వానలు మొదలయ్యాక ఆ పని చేయడానికి దారులుండవు.